పొంగు

బర్టన్ ఊర్ల గాలికే పులుపుంటది.
ట్రెంట్ ఏటి మీదికెల్లి పొద్దుగాల వచ్చే మంచుల
తడిసిన బార్లీ, కాగిన పాకం, నానిన గోనెసంచి.
బస్సు దిగినోళ్లు ముక్కు మూసుకుంటరు.
నేను మొదటి రోజే గుర్తుపట్టిన:
మా లొట్టి వాసనకు ఇది దూరపు చుట్టం.

డోరీన్ హల్లమ్ పబ్బు వంటింట్ల మూడో పొయ్యి నాది.
"పిండిల చల్లటి బీరే పొయ్యాలె" అని ఆమె నేర్పుతుంటే
నవ్వు ఆపుకున్న.
తాత చెట్టు దిగి ఇచ్చిన ఈతకల్లు
మా అవ్వ గిన్నెడు పోసి బియ్యప్పిండి కలిపితే
నడిరాత్రి మూత లేచి కూసుండేది.
ఈస్టు అనే మాట తెల్వకముందే
దాని అల్లరి నాకు తెలుసు.
తాత నడుముకు మోకు, నా నడుముకు అప్రాన్ నాడా.
ఇద్దరం ముడి గట్టిగనే వేసినం.

కాడ్ చేప నూనెల పడంగనే బుసబుస.
బుడగలు పగిలిన కాడల్ల చిన్న చిన్న కిటికీలు,
పట్టుకుంటే పెళుసు.
శుక్రారం నాడు అదే పిండిల
ఇంత వాము నలిపేసి
పచ్చిమిర్చి ముంచి తీసిన, ఎవరికీ చెప్పక.
గిన్నెలు తోమే కీరన్ రెండు తిన్నడు,
కండ్లనీళ్లు తుడుచుకుంట మూడోదానికి చెయ్యి చాపిండు.

అన్నీ కుదరలే.
పాయసంల నల్లబీరు పోసి చూసిన, పాలు ఇరిగినయి.
అది కీరన్‌కు గూడ చూపియ్యలే.
ఇంకోనాడు పెద్దకూర వండుతుంటే
ముదురు బీరు అయిపోయిందని
చేతికందిన లేతరంగు సీసా వంపిన,
హాప్స్ దండిగున్నది.
మూడు గంటలు సన్నసెగ మీద మరిగింది.
నీళ్లు ఎగిరిపోయినయి, చేదు ఏడికి పోతది?
గిన్నె అడుగుకు దిగి కూసుంది
పగబట్టిన పాలోని లెక్క.
డోరీన్ చెంచా నాకి సింకు దిక్కు చూసింది.
జర ఆగమన్న.
కాకరకాయకు చెప్పే బుద్ధే దీనికీ చెప్త.
ఉల్లిగడ్డ ఎర్రగ ఏంచి,
బెల్లం లేదు గనుక ట్రీకిల్ ఒక గంటె.
చింతపండు నా సంచిల ఎప్పుడూ ఉంటది.
పొద్దుమూకేటాళ్లకు కూర దారికొచ్చింది,
పూర్తిగ కాదు.
ఇంత చేదు మిగిలింది. ఉండనీ అనుకున్న.

ఆ రాత్రి దాన్ని అడిగి తిన్నది ఆర్గిల్ ఒక్కడే.
నలభై ఏండ్లు పీపాలు బిగించిన చేతులు.
డాక్టరు గ్లాసు మాన్పించి పది నెలలు.
కిటికీ కాడ కూసుండి నిమ్మసోడా తాగుతడు,
బీరు పంపు దిక్కు చూడడు,
బాకీ ఉన్న దుకాణం ముందటికెల్లి నడిచినట్టు.
కూరల ఏమున్నదో ముందే చెప్పిన.
మత్తు అంత పోదు, జరంత మిగుల్తదన్న.
"జరంతనే గద" అన్నడు.
ముద్ద నోట్ల పెట్టుకొని చాలాసేపు నమల్లే.
ఆఖరికి వంటింటి తలుపు కాడికొచ్చి,
"ఉక్కు ట్యాంకుల పుట్టింది ఇది,
చెక్క తగల్లేదు దీనికి" అని పెదవి విరిచిండు.
పళ్లెం మాత్రం బ్రెడ్డుతోని తుడిచిందే.

అప్పటిసంది బుధారం బుధారం స్టౌట్ కేకు.
వెన్నల నల్లబీరు కాగుతుంటే
కాలిన అన్నం మాడు, కాఫీ, వాన పడ్డ బొగ్గు,
అన్ని వాసనలు ఒక్కతాన లేస్తయి.
నేను ఇప్పటికీ గ్లాసుతోని తాగలే.
చెంచాతోని చూస్త, ఉప్పు చూసినట్టు.
ఆర్గిల్‌కు చిన్న ముక్కనే కోస్త,
చిన్నదని ఆయన ప్రతివారం గుర్తుచేస్తడు.

నిన్న కోటు లోపలికెల్లి ఒక తెడ్డు తీసిండు.
పాత పీపా పేడు, ఓక్ చెక్క, తనే చెక్కిండట.
"ఇప్పుడు తగుల్తది చెక్క" అన్నడు.
పిడి జర వంకర, నా బొటనేలికి ఒరుసుకుంటది.
అయినా దానితోనే కలుపుతున్న,
అడుగంటకుంట, పొంగు దిగేదాక.